వాచ్‌మెన్ ఆఖరి సంచికకు తీర్పు ఎలా చెప్పాలి?

పన్నెండు సంచికల వాచ్‌మెన్ కామిక్స్ చివర్లో విలన్ ఓడిపోలేదు, కథ తెగిపోయినట్టుంది, సమీక్షలో ఏం రాయాలి అని అడిగారు కదా. ముందు 11వ సంచిక చివరి పేజీలు మళ్లీ తిరగేయండి. న్యూయార్క్‌లో లక్షలమందిని చంపే తన పథకం 35 నిమిషాల కిందటే అమలైపోయిందని విలన్ ఓజిమాండియాస్ అక్కడే చెప్పేస్తాడు. కాబట్టి అతన్ని ఆపడం 12వ సంచిక పని కాదు. ఆ నిజాన్ని ఎవరు దాస్తారు, ఎవరు దాయరు అన్నదే దాని పని. ముసుగు హీరో రోర్షాక్ దాయనంటాడు, ప్రాణం పోగొట్టుకుంటాడు. ఆ ఘట్టం ఒక్కటి చాలు నాకైతే.

బొమ్మల గురించి తప్పక రాయండి. సిరీస్ పొడుగునా పేజీకి తొమ్మిది గడుల పద్ధతి పట్టుకున్న చిత్రకారుడు డేవ్ గిబ్బన్స్, ఇక్కడ మొదటి ఆరు పేజీలకూ పేజీకొక్క బొమ్మే వేశాడు. న్యూయార్క్ వీధి నిండా శవాలు. పదకొండు సంచికల పొదుపు అక్కడ పనికొచ్చింది.

ఓజిమాండియాస్ న్యూయార్క్ మీదికి వదిలిన వింతజీవి ఉన్నట్టుండి ఊడిపడిందనే ఫిర్యాదు మాత్రం నిలబడదు. 8వ సంచికలో, దీవిలో దాని బొమ్మ గీస్తున్న చిత్రకారిణి ఉంది, చూడండి. తప్పు పట్టాలనుకుంటే నాయిక లారీ తల్లి శాలీ ఇంట్లో వీడ్కోలు ఘట్టాన్ని పట్టండి, కాస్త సర్దుబాటులా ఉంటుంది. రోర్షాక్ డైరీ పత్రికాఫీసులో మిగిలిపోవడాన్ని అసంపూర్తి అనకండి, అది కావాలని వదిలిందే.