ఎం.ఆర్క్ చేస్తే ఆర్కిటెక్ట్ అయిపోతామా?

పీజీ ప్రవేశాల కాలం దగ్గర పడేకొద్దీ ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్ పై చదువుల గురించినవే ఎక్కువవుతున్నాయి. ఒకే సందేహం నలుగురైదుగురు అడిగినప్పుడు, అందులో వివరంగా రాసిన ఉత్తరాన్ని తీసుకున్నాం. కొందరు పేరు వేయవద్దని కోరారు కనుక అందరివీ ఊళ్ల పేర్లు మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: నేను సివిల్ ఇంజనీరింగ్‌లో బి.టెక్ పూర్తి చేశాను. ఇళ్ల ప్లాన్లు గీయడమంటే చిన్నప్పటి నుంచి ఇష్టం. ఇప్పుడు ఎం.ఆర్క్‌లో చేరి ఆర్కిటెక్ట్‌ను కావాలనుకుంటున్నాను. గేట్‌లో ఆర్కిటెక్చర్ పేపరు రాస్తే సీటు వచ్చేస్తుందని స్నేహితుడు అంటున్నాడు. నిజమేనా? – కాకినాడ

జవాబు: మీ స్నేహితుడు చెప్పినదాంట్లో సగమే నిజం. పీజీ ప్రవేశాలకు దేశమంతటా జరిగే గేట్‌లో ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్ పేపరును మీరు రాయవచ్చు, మంచి స్కోరు కూడా తెచ్చుకోవచ్చు. కానీ ఆ స్కోరుతో మన దేశంలో ఎం.ఆర్క్ సీటు రాదు, ఎందుకంటే ఆ కోర్సుకు కావలసిన అర్హత బి.ఆర్క్, అంటే ఆర్కిటెక్చర్ డిగ్రీ. అయిదేళ్ల పాటు డిజైన్ స్టూడియోలో కూర్చుని, గీసినదాన్ని గురువుల ముందు సమర్థించుకుంటూ నేర్చుకున్న విద్య మీద కట్టే రెండో అంతస్తు ఎం.ఆర్క్. కింది అంతస్తు లేకుండా పైదాన్ని ఎలా కడతారో సివిల్ చదివిన మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక ‘ఆర్కిటెక్ట్’ అనే మాట సంగతి. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవారే ఆ పేరు పెట్టుకోవాలి. అయితే ఆ చట్టంలోని 37వ సెక్షన్ కాపాడేది ఆ బిరుదునే తప్ప, భవనాలకు డిజైన్ చేసే పనిని మొత్తంగా ఇతరులకు నిషేధించడం లేదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. కాబట్టి ఇళ్ల ప్లాన్లు గీయడమే మీ కోరిక అయితే దానికి ఇంకో డిగ్రీ అవసరం లేకపోవచ్చు. మన మునిసిపాలిటీల్లో లైసెన్సు తీసుకుని, నిబంధనలు అనుమతించిన మేరకు ప్లాన్లు సమర్పించే ఎల్‌టీపీల్లో (లైసెన్సు పొందిన సాంకేతిక నిపుణుల్లో) సివిల్ ఇంజనీర్లు ఎందరో ఉన్నారు. బోర్డు మీద ‘ఆర్కిటెక్ట్’ అని రాసుకోవాలన్నదే కోరిక అయితే మాత్రం నాటా అనే ప్రవేశ పరీక్ష రాసి మొదటి సంవత్సరం నుంచి బి.ఆర్క్ చదవడమే దారి. అయిదేళ్లు చిన్న మాట కాదు, ఇంట్లో వాళ్లతో మాట్లాడుకోండి.

ఈ రెండింటికీ నడుమ మరో దారి ఉంది. మీలాంటివారు దాన్ని ఎందుకు పట్టించుకోరో నాకు ఎప్పటికీ అర్థం కాదు. అది ప్లానింగ్, అంటే నగరాలకు, ప్రాంతాలకు ప్రణాళికలు వేసే చదువు. ఎం.ప్లాన్ కోర్సుల్లోకి బి.ఆర్క్, బి.ప్లాన్ చదివినవారితో పాటు సివిల్ ఇంజనీర్లను కూడా తీసుకుంటారు. చాలా చోట్ల భూగోళశాస్త్రం, అర్థశాస్త్రం, సామాజికశాస్త్రాల్లో ఎం.ఏ. చేసినవారికీ ప్రవేశం ఉంది. గేట్ ఆర్కిటెక్చర్ పేపరులో ఉమ్మడి భాగం తరువాత ఆర్కిటెక్చర్, ప్లానింగ్ అని రెండు ఐచ్ఛిక భాగాలుంటాయి. మీరు రెండోది ఎంచుకోవాలి. 2008లో మొదలై, 2014 నాటి చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తింపు పొందిన విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో పట్టణ, ప్రాంతీయ ప్రణాళిక, పర్యావరణ ప్రణాళిక, రవాణా ప్రణాళిక ఉన్నాయి. అక్కడే బిల్డింగ్ ఇంజనీరింగ్ అండ్ మేనేజ్‌మెంట్ అనే పీజీ కూడా ఉంది. కట్టడం పని నడిపించడం ఇష్టపడే సివిల్ వారికి అది బాగా సరిపోతుంది. ఖరగ్‌పూర్ ఐఐటీలోని సిటీ ప్లానింగ్ కోర్సును కూడా చూడండి.

ప్రశ్న: నేను బి.ఆర్క్ నాలుగో సంవత్సరంలో ఉన్నాను. గేట్ ఇప్పుడే రాయాలా, చదువు ముగిశాక రాయాలా? పీజీఈసెట్ రాస్తే చాలదా? గేట్ వస్తే నెలకు 12,400 రూపాయలు ఇస్తారంటున్నారు, ఎం.ఆర్క్‌కూ ఇస్తారా? – విజయవాడ

జవాబు: ఇప్పుడే రాయండి. డిగ్రీ మూడో సంవత్సరంలోనో ఆ పైనో ఉన్నవారు గేట్ రాయవచ్చు; స్కోరు ఫలితాలు వెలువడిన నాటి నుంచి మూడేళ్లు చెల్లుతుంది. నాలుగో ఏట ఫిబ్రవరిలో రాస్తే మార్చిలో ఫలితం వస్తుంది. మరుసటి ఏడాది మీరు డిగ్రీ ముగించిన వేసవిలో ఆ స్కోరు పనికొస్తుంది, ఆ పై ఏడాది కూడా పనికొస్తుంది. అంటే ఒక ఏడాది ఏదైనా ఆఫీసులో పని చేసి చేరాలనుకున్నా ఇబ్బంది లేదు. అయిదో ఏట థీసిస్ పెట్టుకుని, ప్రింట్ల కోసం రాత్రిళ్లు జాగారం చేస్తూ గేట్‌కు చదవడం ఎలా ఉంటుందో మీ సీనియర్లను అడగండి.

పరీక్ష మూడు గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 15 మార్కులు జనరల్ ఆప్టిట్యూడ్‌వి. ఒకే సరైన జవాబు గల ప్రశ్నల్లో తప్పు రాస్తే మార్కులు కోస్తారు. అంకె రాయవలసిన ప్రశ్నలకూ, ఒకటికి మించి సరైన జవాబులుండే ప్రశ్నలకూ కోత లేదు. ఆర్కిటెక్చర్ విద్యార్థులు తడబడేది ఈ అంకెల దగ్గరే. ఎఫ్‌ఏఆర్ (స్థలం విస్తీర్ణానికి అంతస్తులన్నిటి విస్తీర్ణం ఎన్ని రెట్లన్న) లెక్క, పార్కింగ్ లెక్క, జనసాంద్రత లెక్క మనకు రాక కాదు, స్టూడియోలో వాటిని ఎప్పుడూ అంచనాగా వేసేసుకుని ముందుకు పోవడం అలవాటై.

పీజీఈసెట్ గురించి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అది 120 ప్రశ్నలతో రెండు గంటల పాటు జరిగే, మార్కుల కోత లేని పరీక్ష. గేట్ కంటే తేలికే. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చేరడానికి అది చాలు. 2008లో జేఎన్‌టీయూను విభజించినప్పుడు ఏర్పడిన మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం కూడా వాటిలో ఒకటి. కాకపోతే కౌన్సెలింగ్‌లో ముందు పిలిచేది గేట్ అర్హత ఉన్నవారిని. మిగిలిన సీట్లు పీజీఈసెట్ ర్యాంకులకు వెళతాయి. ఎన్‌ఐటీల ఉమ్మడి కౌన్సెలింగ్ అయిన సీసీఎంటీకి గేట్ స్కోరే ప్రమాణం.

12,400 రూపాయలు అఖిల భారత సాంకేతిక విద్యామండలి, అంటే ఏఐసీటీఈ, ఇచ్చే పీజీ ఉపకార వేతనం. అది చేరే నాటికి చెల్లే గేట్ స్కోరు ఉండి, మండలి ఆమోదించిన సంస్థలో పూర్తికాలం చదివేవారికి గరిష్ఠంగా 24 నెలలు వస్తుంది. ఎం.ఆర్క్ విషయంలో ఒక చిక్కు ఉంది. ఆర్కిటెక్చర్ విద్య ప్రమాణాలకు సంబంధించి కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌దే పైచేయి అని 2019లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందువల్ల మీరు చేరబోయే కళాశాలలో ఆ కోర్సుకు ఈ వేతనం నిజంగా అందుతోందా అని ప్రిన్సిపాల్ గదిలో కాకుండా, ఇప్పుడు అక్కడ చదువుతున్న రెండో సంవత్సరం విద్యార్థి దగ్గర కనుక్కోండి. ఇంకో చిన్న సంగతి: బ్యాంకు ఖాతా మీ ఒక్కరి పేరుతోనే ఉండాలి. నాన్నగారితో కలిపి ఉన్న ఉమ్మడి ఖాతా ఇచ్చి నెలల తరబడి తిరిగినవారిని చూశాను.

ప్రశ్న: మా అమ్మాయి బి.ఆర్క్ పూర్తి చేసింది. అమెరికాలో ఎం.ఆర్క్ రెండేళ్లు, ఖర్చు ఎక్కువ, అదే ఎం.ఎస్. ఒక ఏడాదిలో అయిపోతుంది, రెండూ ఒకటే అని కన్సల్టెన్సీ వారు చెబుతున్నారు. మేము దేనికి డబ్బు సర్దుకోవాలి? – అనంతపురం

జవాబు: అయ్యా, రెండూ ఒకటి కావు. అమెరికాలో ఆర్కిటెక్ట్ లైసెన్సు ఇచ్చేది ఆయా రాష్ట్రాల బోర్డులు. చాలా బోర్డులు అడిగేది నాబ్ అనే సంస్థ గుర్తించిన డిగ్రీ. ఆ గుర్తింపు బి.ఆర్క్, ఎం.ఆర్క్, డి.ఆర్క్ అనే వృత్తి డిగ్రీలకే ఉంటుంది, ఏడాది ఎం.ఎస్. ఎంత పేరున్న విశ్వవిద్యాలయంలో చేసినా ఆ కోవలోకి రాదు. డిగ్రీతో పాటు 3,740 గంటల శిక్షణ అనుభవం, ఆరు భాగాల పరీక్ష ఉంటాయి. కొన్ని రాష్ట్రాలు విదేశీ డిగ్రీని మదింపు చేయించి, అనుభవంతో కలిపి అంగీకరిస్తాయి. కనుక అమ్మాయి అక్కడ లైసెన్సు తెచ్చుకుని స్థిరపడాలనుకుంటోందా, లేక ఇంధన పొదుపు, కంప్యూటర్ ఆధారిత డిజైన్ వంటి ఒక్క అంశంలో లోతుగా వెళ్లాలనుకుంటోందా అన్నది ముందు తేల్చుకోండి. మొదటిదైతే ఎం.ఆర్క్, రెండోదైతే ఎం.ఎస్. తప్పేమీ కాదు.

డబ్బు సర్దుకునే ముందు చూడవలసినది మరొకటి ఉంది. చదువు ముగిశాక పని చేయడానికి ఇచ్చే ఓపీటీ 12 నెలలు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉన్న కోర్సు అయితేనే మరో 24 నెలలు పొడిగిస్తారు. ఆర్కిటెక్చర్ పేరుతో ఉన్న కోర్సులన్నీ ఆ జాబితాలో లేవు. ఒక్కో కోర్సుకు అది ఏ వర్గానిదో తెలిపే ఆరంకెల సీఐపీ కోడ్ ఉంటుంది. భవన శాస్త్రం, సాంకేతికతకు చెందిన 04.0902 కోడ్ ఆ జాబితాలో ఉంది. ఐ–20 పత్రం (వీసా కోసం విశ్వవిద్యాలయం పంపేది) మీద కోడ్ అచ్చయి ఉంటుంది కానీ, అది చేతికి వచ్చేదాకా ఆగకుండా దరఖాస్తు చేసేటప్పుడే విశ్వవిద్యాలయానికి మెయిల్ రాసి అడగండి. కన్సల్టెన్సీ వారిని కాదు.

అమ్మాయికి ఒక మాట చెప్పండి. ఎం.ఆర్క్ ప్రవేశం చాలావరకు పోర్ట్‌ఫోలియో మీదే, అంటే తన డిజైన్ల సంపుటి మీదే నడుస్తుంది. సలహా కోసమని నా బల్ల మీదికి వచ్చే పోర్ట్‌ఫోలియోల్లో సూర్యాస్తమయం వెలుగులో మెరిసే భవనాలే ఎక్కువ. ఆ మధ్య ఒకమ్మాయి తెచ్చినదాంట్లో అలాంటి బొమ్మలు పన్నెండు పేజీలున్నాయి. మెట్ల మలుపు దగ్గర తలకు దూలం తగలదా అని అడిగితే జవాబు రాలేదు. అదే పుస్తకం చివర, పెన్సిలుతో గీసిన పాత పెంకుటింటి కొలతల బొమ్మ ఒకటి ఉంది. వాసాల మధ్య దూరం, అరుగు ఎత్తు, దూలం కింద గుంజ అన్నీ కొలిచి రాసింది. దాన్ని మొదటి పేజీకి తెమ్మన్నాను.

కాకినాడ పాఠకుడికి ఇక్కడే ఒక కొసరు. అమెరికాలో వేరే సబ్జెక్టు చదివినవారిని తీసుకునే మూడేళ్లు, మూడున్నరేళ్ల ఎం.ఆర్క్ కూడా ఉంది; అక్కడ సివిల్ ఇంజనీరు ఆ దారిన ఆర్కిటెక్ట్ కావచ్చు. కానీ తిరిగి వచ్చి ఇక్కడ నమోదు కావాలనుకుంటే, చేరకముందే మన కౌన్సిల్ నుంచి ఆ డిగ్రీ గురించి రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

ప్రశ్న: ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో ఎం.టెక్ చేయవచ్చా? పదోన్నతికి పనికొస్తుందా? – నిజామాబాద్

జవాబు: వద్దు. ఏఐసీటీఈ ఆమోదం లేకుండా డీమ్డ్ విశ్వవిద్యాలయాలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీల మీద 2017 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఎందరో ఉద్యోగుల పదోన్నతులు చిక్కుల్లో పడ్డాయి. విశ్వవిద్యాలయ కళాశాలల్లో సాయంకాలం తరగతులతో నడిచే పార్ట్‌టైమ్ కోర్సుల గురించి వాకబు చేయండి. వాటికి ఉపకార వేతనం రాదు, మీ ఆఫీసు నుంచి ముందస్తు అనుమతి పత్రం తప్పనిసరి.

ప్రశ్న: స్ట్రక్చరల్ ఇంజనీరింగ్‌లో ఎం.టెక్ చేయాలని ఉంది. మా ఊరికి దగ్గరలోని కళాశాలలో సీటు ఖాయం. దూరంగా పెద్ద సంస్థలో వస్తే వేరే పేరున్న కోర్సు రావచ్చు. ఎలా ఎంచుకోవాలి? – ఖమ్మం

జవాబు: కోర్సు పేరు చూసి భయపడకండి. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా మొదలైన వరంగల్ ఎన్‌ఐటీలో మీరడిగే చదువు ‘ఇంజనీరింగ్ స్ట్రక్చర్స్’ అనే పేరుతో ఉంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ‘కంప్యూటర్ ఎయిడెడ్ స్ట్రక్చరల్ ఇంజనీరింగ్’ అంటారు. భూకంపాల ఇంజనీరింగ్ పరిశోధన కేంద్రం కూడా అక్కడ ఉంది. పేరు పక్కన పెట్టి మొదటి రెండు సెమిస్టర్ల సిలబస్ తీసి చూడండి. మ్యాట్రిక్స్ పద్ధతులు, ఫైనైట్ ఎలిమెంట్, స్ట్రక్చరల్ డైనమిక్స్ ఉన్నాయంటే అది మీ కోర్సే.

ఎం.టెక్‌లో రెండో ఏడాదంతా థీసిస్. అందువల్ల చేరేముందు ఒక పగలు కేటాయించి ప్రయోగశాలకు వెళ్లండి. వెళ్లి నీళ్ల తొట్టిలోకి తొంగి చూడండి. 150 మిల్లీమీటర్ల కాంక్రీటు ఘనాలను పోత పోశాక మామూలుగా 28 రోజులు నీళ్లలో ఉంచి బలం పరీక్షిస్తారు. ప్రతి ఘనం మీద పోసిన తేదీ రాసి ఉంటుంది. తొట్టిలో ఉన్నవాటి మీద తేదీలు ఈ నెలవో పోయిన నెలవో అయితే అక్కడ పని జరుగుతున్నట్టు. నిరుటి తేదీలతో పాచి పట్టి ఉంటేనో, తొట్టి ఎండిపోయి కుర్చీలు పెట్టుకునే చోటయి ఉంటేనో, గోడ మీద వేలాడే పరికరాల జాబితా ఎంత పొడవున్నా చదవనక్కరలేదు. నేను పీజీ చేసిన చోట దూలాలను పరీక్షించే లోడింగ్ ఫ్రేమ్ ఉండేది. తాళంచెవి ఒకాయన దగ్గర, ఆయన సెలవులో. చివరికి నా థీసిస్ మొత్తం సాఫ్ట్‌వేర్ లెక్కలతో ముగిసింది, ఒక్క దూలం కూడా విరగ్గొట్టకుండానే డిగ్రీ చేతికొచ్చింది.

మీ ఊరి దగ్గరి కళాశాలలో తొట్టి నిండుగా ఉండి, మార్గదర్శకులుగా ఉండే అధ్యాపకులు కనీసం ఇద్దరు తరచూ విద్యార్థులతో ప్రయోగశాలలో కనిపిస్తే, అక్కడే చేరండి. ఇంటి భోజనం కూడా కలిసి వస్తుంది. లేదంటే గేట్ స్కోరుతో సీసీఎంటీలో, ఐఐటీల ఉమ్మడి పోర్టల్ అయిన కోప్‌లో నమోదు చేసుకోండి. ఐఐటీలకు కోప్‌తో పాటు ఒక్కో సంస్థకూ విడిగా దరఖాస్తు చేయాలి. ఈ సంగతి తెలియక ఏటా కొందరు మంచి స్కోరుతోనే బయట మిగిలిపోతున్నారు.