మీ డౌట్ – మా జవాబు: వ్యూకి కాపీ తీస్తే అసలు డేటా ఎలా పోయింది?

ప్రశ్న: నమస్తే సార్. మాది ఫిషింగ్ హార్బర్ దగ్గర బోట్ల లెక్కలు చూసే చిన్న ఆఫీసు. ఏ బోటు ఎప్పుడొచ్చింది, ఏ చేప ఎన్ని కిలోలు, రేటెంత, అన్నీ ఒకే టేబుల్లో ఉంటాయి, దానిమీద కోనాంకి ఒక వ్యూ, రొయ్యలకి ఒక వ్యూ (అంటే టేబుల్లోంచి కావాల్సినవే చూపించేది) వేసుకున్నాం. చెప్పిన పని తనే చేసిపెట్టే ఏఐ ఏజెంట్ వాడుకునేలా నేనే "డూప్లికేట్ వ్యూ" అని ఒక టూల్ రాశాను, దాని డిస్క్రిప్షన్లో "వ్యూని డూప్లికేట్ చేస్తుంది" అని ఒక్క ముక్క పెట్టాను. మొన్న మా మేడమ్ "కోనాం వ్యూకి కాపీ తీసి, ఆ కాపీలో పాత రికార్డులు తీసెయ్" అని ఏజెంట్‌కి చెప్పారు. తెల్లారి చూస్తే అసలు వ్యూలో కూడా పాత రికార్డులు లేవు, పైగా కాపీలు రెండున్నాయి. బ్యాకప్ ఉంది కాబట్టి బయటపడ్డాం. డాక్యుమెంటేషన్ ఎలా రాయాలి?
– ఒక పాఠకుడు, వన్ టౌన్, విశాఖపట్నం

జవాబు: బ్యాకప్ ఉండడం మంచిదైంది. ఏజెంట్ మీ కోడ్ చూడదండీ, దానికి కనపడేది టూల్ పేరు, డిస్క్రిప్షన్, ఏమేం ఇన్‌పుట్ ఇవ్వాలో చెప్పే స్కీమా, అంతే. 2024 నవంబర్‌లో ఏఐ కంపెనీ ఆంత్రోపిక్ బయటపెట్టిన, ఏఐకి బయటి టూల్స్ తగిలించే ఎంసీపీ పద్ధతిలో అయినా ఇంతే. డూప్లికేట్ అంటే మనందరికీ జిరాక్సే గుర్తొస్తుంది, జిరాక్స్ చింపేస్తే ఒరిజినల్‌కి ఏం కాదు, మీ మేడమ్ అలాగే అనుకున్నారు, ఏజెంటూ అలాగే అనుకుంది. కానీ వ్యూ అంటే చూసే చోటు మాత్రమే. హార్బర్‌ని జెట్టీ మీద నించుని ఒకరు, డాల్ఫిన్స్ నోస్ ఎక్కి ఇంకొకరు చూస్తే బోట్లు రెట్టింపు అవ్వవు కదా, అక్కణ్ణుంచి చూసేదీ ఇక్కణ్ణుంచి చూసేదీ అవే బోట్లు.

అందుకే మొదటి వాక్యంలోనే ఇది రాసెయ్యండి: "ఈ టూల్ వ్యూ సెట్టింగులు మాత్రమే కాపీ చేస్తుంది, అంటే ఫిల్టర్లు, సార్టింగ్, దాచిన కాలమ్‌లు. రికార్డులు కాపీ అవ్వవు. కొత్త వ్యూలో రికార్డు మార్చినా తీసేసినా అసలు టేబుల్లోనే మారుతుంది, పోతుంది. డేటాకే కాపీ కావాలంటే ఈ టూల్ వాడకూడదు." షేర్ లింకు, పర్మిషన్ల సంగతి ఒక్కో సిస్టమ్‌లో ఒక్కోలా ఉంటుంది, మీరే ఒకసారి చేసి చూసి ఆ ఫలితమే రాయండి, ఊహించి రాయొద్దు. రికార్డులు తీసేసే టూల్ డిస్క్రిప్షన్‌లో కూడా ఇదే హెచ్చరిక ఉండాలి, ఎందుకంటే అసలు నష్టం జరిగింది దాంతోనే.

ఇక రెండు కాపీలు. బహుశా మొదటిసారి జవాబు లేటై ఏజెంట్ మళ్లీ పిలిచుంటుంది. ఎంసీపీలో "ఐడెంపొటెంట్ హింట్" అని ఒకటుంది, ఎన్నిసార్లు పిలిచినా ఒక్కసారి పిలిచినట్టే ఉంటుందని చెప్పడానికి, మీ టూల్ అలా కాదు కాబట్టి దాన్ని ఫాల్స్‌గానే ఉంచండి. టూల్ ఉన్నదాన్ని చెరపొచ్చా అన్నది చెప్పే "డిస్ట్రక్టివ్ హింట్" మాత్రం ఏమీ పెట్టకపోతే ట్రూ అనే లెక్క, ఈ టూల్ కొత్తది కలుపుతుందే గానీ దేన్నీ చెరపదు కాబట్టి దీనికి ఫాల్స్ పెట్టొచ్చు, డిలీట్ టూల్‌కి ట్రూ ఉండాల్సిందే. అయితే ఇవి హింట్లే, కాపలా కాదు, ఏజెంట్‌కి డిలీట్ హక్కు ఇవ్వాలా వద్దా అన్నది సర్వర్ దగ్గరే తేల్చండి. డిస్క్రిప్షన్లో కూడా "పిలిచిన ప్రతిసారీ కొత్త వ్యూ వస్తుంది, జవాబు రాకపోతే ముందు వ్యూల లిస్ట్ చూడు" అని మాటల్లోనే చెప్పండి.

టూల్ తిరిగిచ్చే జవాబులో కొత్త వ్యూ ఐడీ, పేరుతో పాటు దానిమీదున్న ఫిల్టర్లు కూడా ఇవ్వండి. ఇది చాలామంది వదిలేస్తారు. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా, ఆ టైమ్‌లో "ఈ వారం" ఫిల్టరున్న వ్యూకి కాపీ తీస్తే ఖాళీగా వస్తుంది, ఫిల్టర్ సంగతి తెలియని ఏజెంట్ కాపీ ఫెయిలైందనుకుని మళ్లీ మళ్లీ తీస్తూ కూర్చుంటుంది.

ప్రశ్న: పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో వ్యూకి కూడా ఇదే వర్తిస్తుందా అండీ?
– ఒక విద్యార్థిని, మధురవాడ

జవాబు: వర్తిస్తుందమ్మా. అక్కడ వ్యూ అంటే దాచిపెట్టిన క్వెరీ (డేటా కోసం డేటాబేస్‌ని అడిగే ప్రశ్న), దాని డెఫినిషన్ తీసుకుని ఇంకో పేరుతో క్రియేట్ చేస్తే అదే కాపీ. ఒకే టేబుల్ మీద వేసిన సాదా వ్యూ అయితే, దానిమీద డిలీట్ కొడితే కింద టేబుల్లో వరసలే పోతాయి. పాత వ్యూకి ఇచ్చిన గ్రాంట్లు (అంటే ఎవరు వాడొచ్చన్న పర్మిషన్లు) కొత్తదానికి వాటంతట అవి రావు, మళ్లీ ఇవ్వాలి, ఈ ముక్క మీ టూల్ డాక్యుమెంట్‌లో తప్పకుండా పెట్టు. మెటీరియలైజ్డ్ వ్యూ మాత్రం వేరు, అది డేటాని విడిగా దాచుకుంటుంది, రిఫ్రెష్ చేసేదాకా పాతదే చూపిస్తుంది, కాబట్టి రెండిటికీ ఒకే డిస్క్రిప్షన్ పెట్టకు, రెండు టూల్స్ విడిగా రాయి.