ఐదొందల టెస్టులు పాసైనవాడు ఎలా దొరికాడు?

ఫ్రాన్స్‌లో ఏటా జరిగే పెద్ద సైకిల్ రేసు టూర్ ద ఫ్రాన్స్‌ని ఏడుసార్లు గెలిచి, ఆ టైటిళ్ళన్నీ పోగొట్టుకున్న సైక్లింగ్ వీరుడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ నిషిద్ధ మందుల గొడవ గురించి పోయిన సంచికలో నాలుగు ముక్కలు రాస్తే ఉత్తరాలు బాగానే వచ్చాయి. కొన్నిటికి ఇక్కడ జవాబులు. తిట్టినవాళ్ళకి విడిగా రాస్తాను.

ప్ర: ఐదొందల టెస్టులు చేసినా ఒక్కదాంట్లోనూ దొరకలేదని ఆయనే చెప్పుకునేవాడు కదా. ల్యాబ్‌లో దొరకనివాణ్ణి దొంగ అనొచ్చా? – గుంటూరు పాఠకుడు

జ: ఐదొందలన్నది ఆయన లెక్క, దాన్ని పక్కన పెట్టండి. ఆ రోజుల్లో దొరకడమే కష్టం. రైడర్లు ముఖ్యంగా వాడింది ఈపీఓ. అది మన కిడ్నీలు తయారుచేసే హార్మోనే, ఎర్రకణాలు పెంచుతుంది, డయాలసిస్ పేషెంట్లకి రక్తహీనత తగ్గడానికి ఇంజెక్షన్‌గా ఇస్తారు. ఎర్రకణాలు పెరిగితే కండరాలకి ఆక్సిజన్ ఎక్కువ అందుతుంది, ఆల్ప్స్ కొండలు ఎక్కేవాడికి అంతకంటే ఏం కావాలి? 2000 దాకా దాన్ని పట్టే టెస్టే లేదు. అందుకని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ 1997లో ఒక గీత గీసింది: రక్తంలో ఎర్రకణాల వాటా 50 శాతం దాటితే రెండు వారాలు రేసు బంద్. అంటే 49 దాకా కానివ్వండి అన్నట్టే అయింది. టెస్టు చేసేవాళ్ళు గుమ్మంలోకి వచ్చారంటే గబగబా సెలైన్ ఎక్కించి రక్తాన్ని పలచన చేసేవాళ్ళు. ఈపీఓకి టెస్టు వచ్చాక, రాత్రిపూట కొంచెం కొంచెంగా నరంలోకి ఎక్కించుకోవడం మొదలుపెట్టారు, తెల్లారేసరికి ఆనవాలు ఉండదు. అదీ టెన్షనే అనుకున్నవాళ్ళు తమ రక్తమే ముందుగా తీయించి, ఫ్రిజ్‌లో దాచి, రేసు మధ్యలో హోటల్ గదిలో మళ్ళీ ఎక్కించుకున్నారు. ఎవడి రక్తం వాడికే ఎక్కితే ల్యాబ్ ఏం పడుతుంది?

అయినా 1999 టూర్ ద ఫ్రాన్స్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ శాంపిల్‌లో స్టెరాయిడ్ ఆనవాలు కనిపించింది. సీటు పుండ్లకి క్రీము రాసుకున్నానంటూ పాత తేదీ వేయించిన డాక్టర్ చీటీతో బయటపడ్డాడు.

ఈ ఆటలో పెద్ద చేపల్ని పట్టించింది ఎక్కువగా కస్టమ్స్, పోలీసులు, పక్కనున్న మనుషులు. 1998లో టూర్ మొదలవడానికి ఇంకా మూడు రోజులుందనగా ఫ్రాన్స్-బెల్జియం సరిహద్దులో ఫెస్టినా జట్టు కారు ఆపితే దాని నిండా మందులే. నడుపుతున్నది రైడర్లకి మాలిష్ చేసే విల్లీ వోట్. జట్టు మొత్తాన్ని రేసు నుంచి పంపేశారు. ఆర్మ్‌స్ట్రాంగ్ గుట్టు విప్పింది ఒకప్పుడు ఆయన జట్టులోనే తొక్కిన ఫ్లాయిడ్ లాండిస్. 2006 టూర్ గెలిచి, టెస్టోస్టిరాన్‌తో దొరికి, నేను నిర్దోషినని ఏళ్ళ తరబడి వాదించి, అందుకోసం అభిమానుల దగ్గర చందాలు కూడా వసూలు చేసి, ఆఖరికి 2010లో తన సంగతీ ఆర్మ్‌స్ట్రాంగ్ సంగతీ కలిపి కక్కేశాడు. ఇంటిగుట్టు లంకకు చేటని ఊరికే అనలేదు. అమెరికా ప్రభుత్వం చేసిన క్రిమినల్ దర్యాప్తుని 2012 ఫిబ్రవరిలో కేసు పెట్టకుండానే మూసేశారు, కానీ ఆ దేశపు డోపింగ్ నిరోధక సంస్థ యూసాడా వదల్లేదు. 26 మంది సాక్షులు, వాళ్ళలో 11 మంది పాత సహచరులు, ఈమెయిళ్ళు, డాక్టర్‌కి డబ్బు పంపిన లెక్కలు, అన్నీ కలిపి వెయ్యి పేజీలు. నియమాల ప్రకారం ఈ రుజువులు చాలు, మూత్రం సీసానే చూపించాలని ఎక్కడా లేదు. కాబట్టి దొంగ అనొచ్చండీ. 2013 జనవరిలో టీవీలో యాంకర్ ఓప్రా విన్‌ఫ్రే ముందు కూర్చుని ఆయనే ఒప్పుకున్నాడు.

ప్ర: మరి ఆ ఏడు టైటిళ్ళు ఎవరికిచ్చారు? – విజయనగరం నుంచి

జ: ఎవరికీ ఇవ్వలేదు. 1999 నుంచి 2005 దాకా విజేత గడి ఖాళీ. ఎందుకో ఒక్క పేరు చూస్తే తెలుస్తుంది. 1999లో రెండో స్థానం అలెక్స్ జూల్లేది, ఆయన ఏడాది ముందు ఫెస్టినా గొడవలో ఈపీఓ వాడానని ఒప్పుకున్న మనిషి.

ప్ర: అందరూ వాడినప్పుడు అందరూ సమానమే కదా? ఆయనొక్కణ్ణే బలిపశువు చేశారనిపిస్తుంది. – వరంగల్ పాఠకుడు

జ: ఈ మాట నాకు కనీసం పదిమంది రాశారు, ప్రతిసారీ ఒళ్ళు మండుతుంది. మొదటిది, సమానం కాదు. పుట్టుకతోనే ఎర్రకణాల వాటా 47 ఉన్నవాడికి 50 దాకా పోవడంలో వచ్చే లాభం కొంచెమే, 40 ఉన్నవాడికి బోలెడు. పైగా మంచి డాక్టర్‌ని పెట్టుకోగల డబ్బు అందరికీ ఉండదు. రెండోది, అందరూ వాడలేదు. ఫెస్టినా జట్టులోనే క్రిస్టోఫ్ బస్సాన్స్ అని ఒక కుర్రాడుండేవాడు, పోలీసుల ముందు తోటివాళ్ళే చెప్పారు, వీడు మాత్రం ముట్టుకోలేదని. 1999 టూర్‌లో తొక్కుతూనే పేపర్‌కి కాలమ్ రాస్తూ ఈ వేగాలు అనుమానంగా ఉన్నాయన్నాడు. రేసు నడుస్తుండగానే ఆర్మ్‌స్ట్రాంగ్ పక్కకొచ్చి ఇలా మాట్లాడేవాడివి ఇంటికి పోరాదా అన్నాడు. మిగతా రైడర్లు కూడా మొహం చాటేశారు. ఆ కుర్రాడు ఒంటరితనం తట్టుకోలేక టూర్ మధ్యలోనే వెళ్ళిపోయాడు, 2001లో సైక్లింగే వదిలేశాడు.

ఫిలిప్పో సిమెయోనీ అని ఇటలీ రైడర్ ఇంకొకడు. ఆర్మ్‌స్ట్రాంగ్ దగ్గరుండే డాక్టర్ మికేలే ఫెరారీ మీద కోర్టులో సాక్ష్యం చెప్పాడు. 2004 టూర్‌లో అతను కొద్దిమందితో ముందుకు పోవాలని చూస్తే, రేసులో అందరికంటే ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీలో ఉన్న ఆర్మ్‌స్ట్రాంగ్ స్వయంగా వెంటపడి వెనక్కి రప్పించి, కెమెరా వైపు తిరిగి నోటికి జిప్ వేసుకున్నట్టు సైగ చేశాడు. టూర్ దాదాపు గెలిచేసినవాడికి ఆ చిన్న రైడర్‌తో పనేముంది చెప్పండి? బలిపశువని మళ్ళీ రాసే ముందు ఆ వీడియో చూడండి.

ప్ర: డబ్బు ఎంత పోయింది? – డల్లాస్ నుంచి

జ: 2012 అక్టోబరులో స్పాన్సర్లు వరసగా వదిలేశారు. ఆయన జట్టుకి సుమారు 3.2 కోట్ల డాలర్లు ఇచ్చింది మీ అమెరికా పోస్టాఫీసు వాళ్ళే. ప్రభుత్వాన్ని మోసగించారంటూ లాండిస్ వేసిన దావాలో సర్కారు కూడా చేరింది, ఓడితే పది కోట్ల దాకా పోయేది, 2018 ఏప్రిల్‌లో 50 లక్షల డాలర్లకి రాజీ కుదిరింది. అందులో లాండిస్ వాటా 11 లక్షలు. మందులు వాడినవాడే చాడీ చెప్పి వాటా తీసుకోవడమేమిటని మీరు అడుగుతారని తెలుసు. చట్టం అలాగే ఉంది, లోపలివాడు నోరు విప్పాలంటే ఆశ చూపించాలి కదా. ఇక డచ్ బ్యాంకు రాబోబ్యాంక్ పదిహేడేళ్ళుగా నడుపుతున్న ప్రొఫెషనల్ జట్టునే ఆ 2012 అక్టోబరులోనే వదిలేసుకుంది. తెల్లారి స్పాన్సర్ లేనివాళ్ళలో ఏమీ వాడని కుర్రాళ్ళు కూడా ఉంటారు, వాళ్ళ లెక్క ఏ రిపోర్టులోనూ రాదు.

ప్ర: మా అమ్మాయి జిల్లా స్థాయి సైక్లిస్టు. కోచ్ ఏదో పౌడర్ తెచ్చిచ్చాడు, డబ్బా మీద అంతా ఇంగ్లీషే. వాడొచ్చా? – హైదరాబాద్ నుంచి ఒక తల్లి

జ: ఇప్పుడే వద్దమ్మా. నిషిద్ధ మందు ఒంట్లో దొరికితే, తెలియక తాగాను, కోచ్ ఇచ్చాడు అంటే కుదరదు, బాధ్యత ఆటగాళ్ళదే. శిక్ష తగ్గొచ్చేమో గానీ కేసు తప్పదు. కొన్ని పౌడర్లలో డబ్బా మీద రాయని మందులు కూడా కలుస్తుంటాయి. నాడా, అంటే మన జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నిషిద్ధ జాబితా దగ్గర పెట్టుకుని స్పోర్ట్స్ డాక్టర్‌కి డబ్బా చూపించండి. జలుబు మాత్రలైనా అడిగే వేయండి. కోచ్‌గారు కోప్పడితే ఆ పౌడర్ ఎక్కడ కొన్నారో బిల్లు చూపించమనండి.