మన కణాల్లోనూ ఉన్న ఎంజైమును మందుతో ఆపొచ్చా?

"ఎంఆర్ఎన్ఏకి క్యాప్ పెట్టే, తోక తగిలించే ఎంజైములు మనకూ ఉన్నాయి కదా, వాటిని మందుతో ఆపితే మనకే ఎసరు రాదా?" అని అడిగారు (ఎంఆర్ఎన్ఏ అంటే ప్రొటీన్ తయారీకి జన్యువు నుంచి వెళ్లే సందేశం, క్యాప్ దాని మొదట్లో పెట్టే టోపీ, తోక దాని చివర తగిలేది). ప్రతిసారీ రాదు. శిలీంధ్రమైన ఈస్ట్‌లో క్యాప్ పని మొదలుపెట్టే ఆర్ఎన్ఏ ట్రైఫాస్ఫటేజ్ అనే ఎంజైము లోహ అయాన్ లేనిదే కదలదు. మన ఎంజైముకి లోహంతో పనే లేదు, దాని నిర్మాణమే వేరు. ఇంతకన్నా మంచి టార్గెట్ (మందు గురిపెట్టే చోటు) ఏముంటుందనే ధీమాతోనే నా పీహెచ్‌డీ మొదలైంది.

ఎంజైము ఫాస్ఫేటును విడగొడితే మాలకైట్ గ్రీన్ ద్రావణం పసుపు నుంచి ఆకుపచ్చకు మారుతుంది. మారలేదంటే ప్లేటులోని ఆ గుంటలో వేసిన రసాయనం ఎంజైమును ఆపినట్టు. ఓ సాయంత్రం ప్లేటంతా ఆకుపచ్చే, అసలు ఎంజైమే వేయని గుంటలతో సహా. ఆరా తీస్తే, ఎవరో మహానుభావులు గాజు సీసాలను ఫాస్ఫేటున్న డిటర్జెంట్‌తో కడిగి, సరిగా తొలవకుండా అరలో పెట్టేశారు. ఉమ్మడి సామాను ఉన్న ల్యాబుల్లో ఇదో శాపం. అప్పటి నుంచి నా సీసాలకు తాళం వేసుకున్నాను.

చివరికి ట్యూబులో ఎంజైమును చక్కగా ఆపే రసాయనాలు దొరికాయి. వాటినే బతికున్న ఈస్ట్ మీద వేస్తే అది నిక్షేపంగా పెరిగింది! ఒంటినిండా రుణావేశమున్న అణువులు కణపొర దాటి లోపలికి పోలేవు మరి.

అందుకే నా మాట: ఎంజైముతో కాదు, బతికున్న జీవితో మొదలుపెట్టాలి. ఆఫ్రికాలో ఈగ కాటుతో సోకే పరాన్నజీవి జబ్బు స్లీపింగ్ సిక్‌నెస్‌కి చేసిన అకోజిబొరోల్ చూడండి. పరాన్నజీవి చస్తోందా లేదా అన్నదే చూస్తూ దాన్ని తయారుచేశారు. 2011లోనే దాని వివరాలు అచ్చయ్యాయి. అది పట్టుకునేది సీపీఎస్ఎఫ్3ని, అంటే ఎంఆర్ఎన్ఏ చివర కత్తిరించే ఎంజైమును, అని 2018లో గానీ తేలలేదు. ఆ ఎంజైము మనకూ ఉంది! అయినా కాంగో, గినీల్లో జరిగిన ట్రయల్‌లో ఒకేసారి మూడు మాత్రలు మింగితే, వ్యాధి ముదిరినవాళ్లలోనూ 95 శాతం మందికి నయమైంది. పాత మందు మెలార్సోప్రోల్ ఆర్సెనిక్‌తో చేసింది, వాడినవాళ్లలో దాదాపు 5 శాతం మందిని అదే పొట్టన పెట్టుకునేది.

ఫ్లూ మందు బాలోక్సావిర్‌ను ఎంజైము నుంచే మొదలుపెట్టి చేశారుగా అంటారేమో. నిజమే, కానీ మన క్యాప్‌లు కోసుకుపోయే ఆ ఎంజైము వైరస్ సొంతం, మీ ప్రశ్నకు సంబంధం లేదు.

మీరు భయపడాల్సింది స్ప్లైసింగ్ దగ్గర, అంటే ఎంఆర్ఎన్ఏలోంచి అక్కర్లేని ముక్కలు తీసేసి మిగతావి అతికించే చోట. క్యాన్సర్ కోసం, ఆ పని చేసే స్ప్లైసోజోమ్‌ను అడ్డుకునే ఈ7107 అనే మందు ట్రయల్స్ కొందరికి చూపు దెబ్బతినడంతో ఆగిపోయాయి. అయినా ప్రాజెక్టుకి డబ్బిచ్చేవాళ్లు ఇప్పటికీ మొదటి పేజీలోనే "టార్గెట్ ఏది?" అని అడుగుతారు. అకోజిబొరోల్ చేసినవాళ్లు 2011లో ఏం రాసేవారో!