తుంగనాథ్ బయలుదేరుతున్న బుజ్జికి

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ నిన్న ఫోన్ చేసి, "అక్కా, ఇది హిమాలయాలకి పోతుందట, పురుగులు ఏరడానికి. నీ పిచ్చే దీనికీ అంటుకుంది" అని నన్ను దులిపేసింది. దులపనీ. మన ఇంట్లో ఇంకో ఆడపిల్ల, వేడి పెరిగితే పెంకు పురుగులు ఎలా మారతాయో చూడ్డానికి కొండెక్కుతుందంటే నాకు ఎంత పొంగుగా ఉందో, రాత్రి పడుకున్నాక అంత బెంగగానూ ఉంది. ఫోన్లో చెబితే నువ్వు "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అంటావు, సగం వినవు. అందుకే రాస్తున్నాను.

చలిబట్టలు, తల దీపం, వాన కోటు సంగతి నీకు చెప్పక్కర్లేదు. చేరిన రోజే పైకి ఎగబాకకు, తుంగనాథ్ కింద ఉన్న చోప్తాలో రెండు రాత్రులు పడుకుని ఒంటికి ఆ ఎత్తు అలవాటు చెయ్యి. మధ్యాహ్నం దాటాక గట్టు మీద ఉండొద్దు, పిడుగులు పడతాయి. పొగమంచు కమ్మితే ఉన్నచోటే కూర్చో, ఒంటరిగా దిగకు.

అనుమతి కాగితం గురించి మాత్రం గట్టిగా చెబుతాను. అది కేదార్‌నాథ్ వన్యప్రాణి అభయారణ్యం. అక్కడ చీమని పట్టాలన్నా రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి చేతిలో ఉండాలి. "మా రీసెర్చ్ గైడ్ చూసుకుంటారు" అనకు. 2008లో డార్జిలింగ్ వైపు సింగలీలా దగ్గర అనుమతి లేకుండా పురుగులు సేకరించారని ఒక చెక్ శాస్త్రవేత్తనీ, ఆయనతో వచ్చిన ఇంకో చెక్ ఆయన్నీ అరెస్టు చేశారు, కోర్టులో శిక్ష కూడా పడింది. పెద్ద పేరున్నవాళ్లకే అలా జరిగితే నువ్వెంత? కాగితం జిరాక్సులు మూడు తీసి మూడు చోట్ల పెట్టుకో.

ఇక ఉచ్చులు. నడిచే పురుగు జారి పడేలా ప్లాస్టిక్ గ్లాసు నేలలో పాతడం చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది. గ్లాసు అంచు మట్టికి సమంగా ఉండాలి, వెంట్రుకవాసి పైకి లేచినా చిన్న పురుగు చుట్టూ తిరిగి పోతుంది. ఒకదాంట్లో ఒకటి రెండు గ్లాసులు పెట్టు. లోపలిది తీసి ఖాళీ చేస్తే చుట్టూ మట్టి కదలదు. తవ్విన వెంటనే తెరవకు, కొత్తగా కదిలిన మట్టి దగ్గర మొదటి రోజుల్లో మామూలు కంటే ఎక్కువ పడతాయి. మూత పెట్టి వారం ఆగి తెరువు. ఆ కొండల్లో జూలై, ఆగస్టు వానలు ఎలా ఉంటాయో నీకు ఇంకా తెలీదు, పైన కప్పు లేకపోతే గ్లాసు పొంగి నీ వారం కష్టం గడ్డిలో కొట్టుకుపోతుంది.

పడ్డ పురుగులు కుళ్లకుండా గ్లాసులో ఏం పోస్తావు? ఇథిలీన్ గ్లైకాల్ అయితే వద్దే వద్దు. చవకే, దొరుకుతుందే, కానీ తియ్యగా ఉంటుంది. బుగ్యాళ్ల మీద, అదే ఆ ఎత్తు పచ్చిక మైదానాల మీద, వేసవంతా గొర్రెల మందలు, వాటి వెనక భోటియా కుక్కలు తిరుగుతాయి. ఎవరో పెట్టి వదిలేసిన ఉచ్చులోది తాగి ఒక కాపరి కుక్క మూత్రపిండాలు చెడి చనిపోవడం నేను కళ్లారా చూశాను. ఆ ముసలి కాపరి ఏడవలేదు, తిట్టలేదు, మా వైపు చూసి ఊరుకున్నాడు. ప్రొపిలీన్ గ్లైకాల్ కాస్త ఖరీదు ఎక్కువ. డబ్బు చాలకపోతే నేను పంపుతాను. ఈ ఒక్క విషయంలో నా మాట వినకపోతే నువ్వు నా అక్కచెల్లెళ్ల బిడ్డవి కాదు.

పడినవి లెక్కపెట్టేటప్పుడు ఇంకో తిరకాసు ఉంది. గ్లాసులో ఎక్కువ పడ్డాయంటే ఆ చోట ఎక్కువ ఉన్నాయని కాదు, ఎక్కువ నడిచాయని. గ్రీన్‌స్లేడ్ అనే ఆయన 1964లోనే ఇది విప్పి చెప్పాడు. వెచ్చటి రాత్రి పురుగు చురుగ్గా తిరుగుతుంది, ఒత్తుగా గడ్డి ఉంటే నెమ్మదిస్తుంది. నువ్వు కొలవబోయేదే వేడి వల్ల వచ్చే మార్పు కదా. ఒక వెచ్చటి ఏడాది లెక్క పెరిగితే జనాభా పెరిగిందని రాసేస్తే ఎలా? అందుకే ప్రతి చోటా నేల ఉష్ణోగ్రత రాసే చిన్న లాగర్ పాతు. కింద అడవికి మేలో, పై పచ్చికకి జూలైలో ఉచ్చులు పెట్టే పనీ చెయ్యకు, ఎత్తూ ఋతువూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

ఇప్పుడు ఒక కథ చెబుతాను. మా గైడ్ గారిది. పేరు రాయను, పోయిన మనిషి, నాకు అక్షరాలా పని నేర్పిన మనిషి. హిమాచల్‌లో ఒక లోయలో దేవదారు అడవి నుంచి మంచు అంచు దాకా వరసగా ఉచ్చులు పెట్టించారు. ఎంత శ్రద్ధగా అంటే, గ్లాసుల మధ్య దూరం ఆయనే తాడు పట్టుకుని కొలిచేవారు. తీరా ఏరడం మొదలయ్యాక ఆయన కళ్లన్నీ పెద్దవాటి మీదే. నల్లగా నిగనిగలాడే కారాబస్ అనే పెద్ద పెంకు పురుగు దొరికితే పిల్లాడిలా అరిచేవారు. బియ్యపు గింజంత గోధుమరంగు పురుగులు ఎన్ని పడ్డా "అవి తర్వాత చూద్దాంలే" అని అన్ని ఎత్తులవీ ఒకే సీసాలో పోయించారు. సీసా మీద 'ఇతరములు' అని చీటీ. ఆవకాయ, మాగాయ, చింతకాయ ఒకే జాడీలో కలిపి ఇప్పుడు విడదియ్యమన్నట్టు. నాకు ఇబ్బందిగానే ఉండేది కానీ ఆయనతో ఎదురు మాట్లాడే రోజులా అవి?

ఆ 'తర్వాత' ఎప్పుడూ రాలేదు. పెద్ద పురుగుల మీద పేపర్ వచ్చింది, సీసా బీరువాలో ఉండిపోయింది. ఏళ్లు గడిచాక, ఆ లోయలో మంచు వెనక్కి తగ్గిందని, ముందు అక్కడ ఏ ఎత్తులో ఏ జాతులుండేవో చెప్పగలరా అని ఒకరు ఉత్తరం రాశారు. అప్పటికి ఆయన రిటైరయ్యారు. సీసా నేనే తీశాను. మైక్రోస్కోప్ కింద పెడితే ఒక్కొక్కటీ ముత్యం. రెక్కల్లేని ట్రెకైనీలు (నేల మీద తిరిగే చిన్న పెంకు పురుగుల గుంపు), కళ్లు చిన్నబడ్డవి, ఆ ఒక్క గట్టుకే పరిమితమైనవి కూడా అందులో ఉండొచ్చు. కానీ ఏది అడవిది? ఏది మంచు అంచుది? చెప్పే దారి లేదు. ఉత్తరానికి జవాబుగా మూడు వాక్యాలు రాసి క్షమాపణ చెప్పాను. మా గైడ్ గారికి చెబితే, "నువ్వెందుకమ్మా తవ్వావు దాన్ని" అన్నారు. కోపంగా కాదు. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

ఆ చిన్నవే ఎందుకు ముఖ్యమంటే, కొండల పైకి పోయేకొద్దీ రెక్కలు పోయిన జాతులు పెరుగుతాయి. డార్లింగ్టన్ అనే పురుగుల పండితుడు 1943లోనే దీన్ని పట్టుకున్నాడు. చలిని మరిగిన ఈ పురుగులు వేడి పెరిగితే ఎగిరి పక్క కొండకి పోలేవు. నడిచి పైకే పోవాలి, శిఖరం వస్తే అక్కడితో సరి. ఇటలీలో డోలొమైట్ కొండల్లో పానెవెజ్జో అనే చోట 1980లో 1650 నుంచి 2250 మీటర్ల దాకా ఆరు చోట్ల ఉచ్చులు పెట్టారు. 2008-09లో సరిగ్గా అవే చోట్ల మళ్లీ పెట్టారు. మొత్తం మీద జాతులు తగ్గాయి. చెట్లు ఆగిపోయే గీతకి పైన మార్పు అడవిలో కంటే ఎక్కువ. నెబ్రియా జెర్మారి, ట్రెకస్ డోలొమిటానస్ లాంటి చలి జాతులు కొన్నిచోట్ల కనుమరుగయ్యాయి, కొన్నిచోట్ల బాగా తగ్గాయి. పచ్చికలో తేమ కోరేవి పోయి, పొడిని తట్టుకునేవి, గింజలూ తినేవి పెరిగాయి. అడవిలోకేమో వెచ్చదనం ఇష్టపడేవి వచ్చి చేరాయి. అంటే, ఒక చోట జాతుల సంఖ్య పెరిగిందని సంబరపడితే మోసపోతావు. ఎన్ని అని కాదు, ఎవరు వచ్చారు, ఎవరు పోయారు అని చూడు.

ఈక్వెడార్‌లో పిచించా అగ్నిపర్వతం మీద 1880లో ఎడ్వర్డ్ వింపర్ పురుగులు ఏరాడు. మాటర్‌హార్న్ మొదట ఎక్కినాయన, పురుగుల పండితుడేం కాదు. వాటికి పేర్లు పెట్టింది బేట్స్ అనే పురుగుల పండితుడు. కానీ ఏది ఏ ఎత్తులో దొరికిందో వింపర్ రాసిపెట్టాడు. ఆ ఒక్క అలవాటు వల్ల 130 ఏళ్ల తర్వాత వెళ్లినవాళ్లు డిస్కోలస్ డియోప్సిస్ అనే జాతి పైపైకి జరిగిపోయిందనీ, దాని చోటు తొంభై శాతానికి పైగా తగ్గిందనీ చెప్పగలిగారు.

కాబట్టి ఒక గ్లాసుకి ఒక సీసా. చీటీ సీసా లోపల, మందపాటి కాగితం మీద, పెన్సిల్‌తో. బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. చోటు, ఎత్తు, వాలు ఉత్తరం వైపా దక్షిణం వైపా, తెరిచిన తేదీ, తీసిన తేదీ. ఆ చుట్టుపక్కల గొర్రెలు ఎంత మేస్తున్నాయి, యాత్రికుల దారి ఎంత దూరం, ఇవి కూడా. తుంగనాథ్ దారిలో జనం తక్కువేం కాదు, రేపు తేడా కనిపిస్తే అది ఎండ వల్లనో మేత వల్లనో నడక వల్లనో తేల్చాలి కదా. జీపీఎస్ ఉందని ఊరుకోకు, "ఫలానా బండకి తూర్పున పది అడుగులు" అని నోట్‌బుక్‌లో రాయి, బొమ్మ గియ్యి.

ఫోన్ యాప్‌లో ఫొటో పెడితే పేరు వస్తుందన్నావట మీ అమ్మతో. నా దగ్గర అనుంటే ఒక్కటి తగిలేది. బెంబిడియాన్, ట్రెకైనీలు లాంటి చిన్న పురుగులు చాలావాటికి మగపురుగు జననాంగం విప్పి చూస్తే తప్ప పేరు తేలదు. మన దేశపు కారాబిడ్ల మీద, అంటే ఈ నేల పెంకు పురుగుల కుటుంబం మీద, ఆండ్రూస్ అనే ఆయన 1929లో, 1935లో రాసిన రెండు సంపుటాలు నా దగ్గర జిరాక్సులు ఉన్నాయి, కొరియర్‌లో పంపుతున్నాను. పాతబడిన పేర్లు నేను మార్జిన్‌లో దిద్దాను. వాటిలోనూ అన్ని జాతులూ లేవు. పేరు తెలియనివాటికి 'గోధుమ-1', 'గోధుమ-2' అని నీ సొంత గుర్తు పెట్టుకో, వేరు వేరుగా ఉంచు, చాలు.

బయలుదేరే ముందు మీ గైడ్‌ని రెండు ప్రశ్నలు అడుగు. ఈ చిన్న జాతుల్ని చివరికి ఎవరు గుర్తిస్తారు? పని అయ్యాక సీసాలు ఏ మ్యూజియంలో పెడతారు? జవాబులు తిన్నగా రాకపోతే నాకు ఫోన్ చెయ్యి, నేను మాట్లాడతాను. గ్లైకాల్ డబ్బులు సోమవారం వేస్తాను, ఖాతా నంబర్ మళ్లీ పంపు. అక్కడ చిరుతపులులు తిరుగుతాయన్న మాట మీ అమ్మ దగ్గర ఎత్తకు.

ఇట్లు,
మీ పెద్దమ్మ