ఈమ్యాక్స్‌లో ఒత్తులు విడిపోతున్నాయి

ప్రశ్న: ఉబుంటులో ఈమ్యాక్స్ టెక్స్ట్ ఎడిటర్‌ను సోర్స్ కోడ్ నుంచి బిల్డ్ చేశాను. తెలుగు ఫైలు తెరిస్తే ఒత్తులు విడిపోయి కనిపిస్తున్నాయి. బిల్డ్‌కు ముందు నడిపే కాన్ఫిగర్ స్క్రిప్టుకు ఏ ఆప్షన్లు ఇవ్వాలి?
– డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: ఆప్షన్ల సంగతి తర్వాత. ముందు కాన్ఫిగర్ చివర్లో వచ్చే పట్టీ చదవండి. హార్ఫ్‌బజ్ ఎదురుగా 'నో' అని ఉందా? ఈమ్యాక్స్ 27వ వెర్షన్ నుంచి అక్షరాలకు ఒత్తులు కలిపి పేర్చే పని ఆ లైబ్రరీదే. దాని డెవ్ ప్యాకేజీ (బిల్డ్‌కు కావాల్సిన ఫైళ్లు) లేకపోతే కాన్ఫిగర్ ఎర్రర్ ఇచ్చి ఆగదు, కిక్కురుమనకుండా దాటేస్తుంది. నాకు కాన్ఫిగర్ మీద ఉన్న కోపమంతా ఇక్కడే! ప్యాకేజీ వేసుకుని, కాన్ఫిగర్ మళ్లీ నడిపి, 'యెస్' కనిపించాకే మేక్ (అసలు బిల్డ్ చేసే కమాండ్) కొట్టండి. ప్రిఫిక్స్‌గా (ఇన్‌స్టాల్ అయ్యే చోటుగా) హోమ్‌లోని ఫోల్డర్ ఇస్తే ఈమ్యాక్స్ ఇన్‌స్టాల్‌కు సుడో (అడ్మిన్ అనుమతి) బెడద ఉండదు. లిబ్‌జీసీసీజిట్ అనే లైబ్రరీ ఉంటే 30వ వెర్షన్‌లో నేటివ్ కంపైలేషన్ (ఈమ్యాక్స్‌లోని లిస్ప్ కోడ్‌ను మెషిన్ కోడ్‌గా మార్చడం) అడగకుండానే వస్తుంది. పాత ల్యాప్‌టాప్ అయితే దానివల్ల బిల్డ్‌కు చాలాసేపు పడుతుంది, నేటివ్ కంపైలేషన్ ఆప్షన్‌కు 'నో' పెట్టేయండి.