పెట్రోలు ఆదా లెక్క సరే, చేతిలో నిల్వ ఎక్కడ?

ప్రశ్న: మాది తిరుపతి కొర్లగుంట. ఏడేళ్లుగా ఇంటి భోజనం క్యారియర్లు, రెండు మూడు హోటళ్ల పార్సిళ్లు చేరవేసే పని చేస్తున్నాను. ఎనిమిది పెట్రోలు బళ్లు, ఎనిమిది మంది కుర్రాళ్లు ఉన్నారు. ఒక్కొక్కరికి నెలకు రూ.13,000 జీతం, పెట్రోలు ఖర్చు నాదే. ఒక్కో బండి రోజుకు 80 కిలోమీటర్ల దాకా తిరుగుతుంది. దీపావళిలోగా అన్నింటినీ తీసేసి ఎలక్ట్రిక్ స్కూటర్లు కొనాలనుకుంటున్నాను. ఒక్కొక్కటి రూ.1.05 లక్షల చొప్పున రూ.8.4 లక్షలు కావాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్ రూ.2.4 లక్షలు తీసి, మా ఆవిడ నగలు కుదువ పెట్టి రూ.4 లక్షలు (నూటికి నెలకు 85 పైసల వడ్డీ, ఏడాది గడువు), తెలిసినవారి దగ్గర మూడు రూపాయల వడ్డీకి రూ.2 లక్షలు తెస్తాను. పెట్రోలులో నెలకు ముప్పై వేలు మిగులుతుంది కాబట్టి అప్పు దానంతట అదే తీరిపోతుంది. ఇంటి ఖర్చు నెలకు రూ.28,000. వేరే పొదుపు ఏమీ లేదు. నా ఆలోచన సరైనదేనా?

జవాబు: పెట్రోలు బళ్ల నుంచి విద్యుత్ బళ్లకు మారాలన్న మీ ఆలోచన మంచిదే. తిరుమల ఘాట్ రోడ్డులో 2022 నుంచి విద్యుత్ బస్సులు తిరుగుతున్నాయి, పెద్ద ఫుడ్ డెలివరీ సంస్థలు కూడా 2030 నాటికి తమ బళ్లన్నీ విద్యుత్‌తోనే నడుస్తాయని ప్రకటించాయి. మీ ఉత్తరాన్ని జవాబు కోసం ఎంచుకోవడానికి కారణం మాత్రం స్కూటర్లు కాదు. డబ్బు ఎక్కడెక్కడి నుంచి తెస్తారో రాస్తూ మీరు మొట్టమొదట పేర్కొన్నది మీకున్న ఒక్కగానొక్క ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను. చిన్న వ్యాపారాలు చేసుకునేవారిలో ఈ పొరపాటు నాకు తరచూ కనిపిస్తుంది. వడ్డీ కట్టనక్కరలేని డబ్బు కదా అని ముందు దాన్నే తీసేస్తారు, ఆపద వచ్చిన రోజున ఎక్కువ వడ్డీకి అప్పు వెతుక్కుంటారు.

పెట్రోలు విషయంలో మీ అంచనా దాదాపు సరిగ్గానే ఉంది. నెలకు 26 రోజుల లెక్కన ఒక్కో బండి 2,080 కిలోమీటర్లు తిరుగుతుంది. లీటరుకు 50 కిలోమీటర్లు వచ్చినా సుమారు 42 లీటర్లు, లీటరు రూ.110 అనుకుంటే రూ.4,600. అదే దూరానికి స్కూటరు, చార్జింగ్‌లో పోయేది కలుపుకొని, 75 యూనిట్లకు మించి తీసుకోదు. యూనిట్‌కు పది రూపాయలు వేసుకున్నా రూ.750. అంటే బండికి రూ.3,850, ఎనిమిదింటికి రూ.30,800 మిగులుతాయి.

తప్పు దీని తరువాత మొదలవుతుంది. నగల అప్పుకు నెలకు రూ.3,400, బయటి అప్పుకు రూ.6,000, మొత్తం రూ.9,400 వడ్డీకే పోతాయి. మిగిలిన రూ.21,400ను ఒక్క నెల కూడా తప్పకుండా, ఒక్క రూపాయి కూడా ముట్టకుండా పన్నెండు నెలలు దాచినా అయ్యేది రూ.2.57 లక్షలు. ఏడాది చివర నగలు విడిపించడానికి ఒకేసారి రూ.4 లక్షలు కావాలి, బయటి వారి అసలు రూ.2 లక్షలు అప్పటికీ అలాగే ఉంటుంది. అన్నీ సవ్యంగా జరిగినా దాదాపు రూ.3.43 లక్షలు తక్కువ పడుతుంది. అప్పు దానంతట అదే తీరదు. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. ఇటువంటి అప్పుతో కొన్న ఏ యంత్రమైనా ముందు వడ్డీ వ్యాపారికి సంపాదించి పెడుతుంది, ఆ తరువాతే యజమానికి. ఈ రెండు లక్షల మాట ఇక తలపెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఇక దీపావళి గడువు. మన ప్రాంతంలో అసలైన వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు చివర నుంచి డిసెంబరు వరకూ వస్తాయన్నది మీకు తెలియనిది కాదు. 2021 నవంబరులో తిరుపతి వీధులు కాలువలైన రోజుల్లో, నా దగ్గర సలహా తీసుకునే ఒక క్యాటరింగ్ వ్యాపారి ఇంటికి వెళ్లాను. సెల్లార్‌లో నిలిపిన బళ్ల హ్యాండిళ్లు, అద్దాలు మాత్రమే బురదనీటి పైన కనిపిస్తున్నాయి. నీరు తోడి, బళ్లను మెకానిక్ దగ్గరకు చేర్చి, మళ్లీ ఆర్డర్లు పట్టేసరికి మూడు వారాలు దాటింది. ఆ మూడు వారాలూ ఆయన పనివాళ్లకు సగం జీతమైనా ఇవ్వగలిగారంటే, అంతకు ముందు రెండేళ్లుగా వేరే ఖాతాలో ముట్టకుండా ఉంచిన డబ్బు వల్లే. మీ పథకం ప్రకారం వెళితే మీకు అటువంటి వారాలు కొత్త అప్పు తీసుకున్న మొదటి నెలలోనే రావచ్చు. అప్పుడు మీ చేతిలో డిపాజిట్ ఉండదు, కుదువ పెట్టడానికి నగలు ఉండవు, జీతాల రోజు మాత్రం ఆగదు.

అందుకే ముందు అత్యవసర నిధి. జీతగాళ్లకు నేను చెప్పే ఆరు నెలల ఇంటి ఖర్చు మీకు సరిపోదు, ఎందుకంటే మీ మీద మీ ఇల్లే కాదు, మరో ఎనిమిది ఇళ్లు ఆధారపడి ఉన్నాయి. ఇంటికి ఆరు నెలలకు రూ.1.68 లక్షలు, కుర్రాళ్ల జీతాలకు రెండు నెలలకు రూ.2.08 లక్షలు, మొత్తం రూ.3.76 లక్షలు. మీ దగ్గర ఉన్నది రూ.2.4 లక్షలు. ఇప్పటికే రూ.1.36 లక్షలు తక్కువగా ఉన్న నిధిని సున్నా చేయడానికి సిద్ధపడుతున్నారు. ఈ డిపాజిట్‌ను కదిలించకండి. వీలైతే రెండు మూడు చిన్న డిపాజిట్లుగా విడగొట్టండి, అవసరమైనప్పుడు మొత్తం చెరపనక్కరలేకుండా ఒక్కటే తీసుకోవచ్చు. వ్యాపారపు కరెంటు ఖాతాలో మాత్రం ఈ డబ్బు ఉంచకండి, అక్కడ ఉన్నది సరుకుల బిల్లులకు తెలియకుండానే కరిగిపోతుంది.

బీమా గురించి మీరు ఒక్క మాట కూడా రాయలేదు. వ్యాపారానికి తిప్పే బండికి సొంత వాడకం పాలసీ తీసుకుంటే క్లెయిము తిరస్కరించే అవకాశాన్ని కంపెనీకి మీరే ఇచ్చినట్టు. పాలసీ తీసుకునేటప్పుడే డెలివరీకి వాడతామని రాతపూర్వకంగా తెలపండి. పాలసీలో ఉండే రూ.15 లక్షల వ్యక్తిగత ప్రమాద రక్షణ బండి యజమానికే వర్తిస్తుంది, మీ దగ్గర జీతానికి బండి నడిపే కుర్రాడికి కాదు. వాళ్లకు విడిగా ప్రమాద బీమా చేయించాలి. ఏడాదికి రూ.20తో రూ.2 లక్షల రక్షణ ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా అయినా ఎనిమిది మందికీ ఈ వారమే కట్టించండి.

స్కూటర్ల విషయంలో నా సలహా ఇది. వానాకాలం దాటాక, సంక్రాంతి నాటికి రెండే కొనండి. బాగా పాతబడిన రెండు పెట్రోలు బళ్లను అమ్మగా వచ్చిన డబ్బును మొదటి చెల్లింపుకు వాడి, మిగతా రూ.1.7 లక్షలకు బ్యాంకులో మూడేళ్ల వాహన రుణం తీసుకోండి. 12 శాతం వడ్డీ అయినా నెల వాయిదా సుమారు రూ.5,650, రెండు బళ్ల మీద ఆదా రూ.7,700. మిగిలిన రెండు వేల చిల్లర నేరుగా అత్యవసర నిధిలోకి వెళ్లాలి. ఒక వేసవి మొత్తం గడిచాక, మే నెల ఎండలో తిరిగినప్పుడు ఒక్క చార్జింగ్‌కు నిజంగా ఎన్ని కిలోమీటర్లు వస్తున్నాయో రోజువారీగా రాసిపెట్టుకుని, అప్పుడు తరువాతి రెండింటి గురించి ఆలోచించండి. బ్యాటరీ వారంటీ కాగితంలో కిలోమీటర్ల పరిమితి, వ్యాపార వాడకానికి మినహాయింపు ఏమైనా ఉన్నాయేమో కొనేముందే చదవండి. మీ బళ్లు ఏడాదికి 25,000 కిలోమీటర్లు తిరుగుతాయి, ఇంటి వాడకపు బండి తిరగడం కాదు ఇది.

సబ్సిడీ భారీగా వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. విద్యుత్ బళ్లకు కేంద్రం సబ్సిడీ ఇచ్చిన ఫేమ్-2 పథకం 2024 మార్చితో ముగిసింది. దాని తరువాత వచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద సబ్సిడీని 2025-26లో స్కూటరుకు గరిష్ఠంగా రూ.5,000కే పరిమితం చేశారు, అదీ షోరూం ధరలోనే తగ్గించి చూపేవారు. విద్యుత్ వాహన రుణం వడ్డీపై ఆదాయపు పన్ను చట్టం 80ఈఈబీ సెక్షన్ ఇచ్చిన మినహాయింపు కూడా 2023 మార్చి తరువాత మంజూరైన రుణాలకు లేదు.

నెల అద్దెకు బళ్లు తీసుకోవడం రెండు మూడు నెలల పరీక్షకు పనికొస్తుంది. హామీ అడగని ముద్ర రుణానికి మీ బ్యాంకులో దరఖాస్తు చేసి చూడవచ్చు. రిజిస్ట్రేషన్ అక్కరలేని 25 కిలోమీటర్ల వేగపు బళ్లు మీ పనికి ఆనవు.

స్కూటర్లకు బుకింగ్ సొమ్ము కట్టేముందు ఎస్పీడీసీఎల్ (విద్యుత్ పంపిణీ సంస్థ) కార్యాలయానికి వెళ్లి మీ ఇంటి మీటరుకు మంజూరైన లోడు ఎంతో కనుక్కోండి. రాత్రిపూట అన్నీ ఒకేసారి చార్జింగ్‌కు పెడితే ఎనిమిది బళ్లకు ఆరు కిలోవాట్ల దాకా కావచ్చు, మెట్ల కింద ఒక్క ప్లగ్గుకు పొడిగింపు తీగలు తగిలించి చేసే పని కాదది. నగలు ఇప్పటికే బ్యాంకులో పెట్టి ఉంటే, ఆ డబ్బు ఇంకా ఖర్చు కాలేదు కాబట్టి, వెంటనే తిరిగి కట్టి విడిపించుకోండి. నాలుగు రోజుల వడ్డీ పోయినా ఫరవాలేదు.